అరువు చెయ్యి

మనిషికి మనిషి రుణపడటం లోకంలో ఉన్నదే. నేను మాత్రం ఒక చేతికి రుణపడ్డాను. అది ఓబయ్య కుడిచెయ్యి. ఓబయ్యకు కూడా రుణపడ్డాననుకోండి, కానీ ఆ మాట ఆయన ముందు అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు. కడప మనిషి, అసలే మాటకారి.

మా కంపెనీ క్యాంపు మస్కట్‌లో ఘాలాలో ఉండేది. చుట్టూ గ్యారేజీలు, గోడౌన్లు, నడుమ మా రూములు. కింది మంచం నాది, పై మంచం ఓబయ్యది. ఆయన షట్టరింగ్ కార్పెంటర్, నేను రాడ్ బెండర్‌ని. ఆయన చెక్కలతో అచ్చు కడితే నేను అందులో ఇనుప కడ్డీలు వంచి కట్టేవాణ్ణి. మాది జగిత్యాల దిక్కు. ఊళ్లో ఉంటే ఐదు వేళ్లూ నోట్లోకి పోయేలా లేవని ఇక్కడికి వచ్చాను. వచ్చాక అందులో నాలుగు ఇక్కడే పోయాయి.

గోను తుపాను వచ్చిన ఏడాది చలికాలంలో, సైట్‌లో కడ్డీలు కోసే మిషన్ కింద నా కుడిచెయ్యి పడింది. ఏది కడ్డీ, ఏది వేలు, మిషన్‌కు తెలియదు కదా. బొటనవేలు ఒక్కటి మిగిలింది. నన్ను బస్సులో పడుకోబెట్టి ఆస్పత్రికి తోలింది డ్రైవర్ గౌహర్. దారి పొడుగునా నా చేతిని తన బనీనుతో అదిమిపట్టుకుని కూర్చున్నది ఓబయ్య. గాయం మానాక కంపెనీ నన్ను గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వచ్చే బండికి గేటు తీయడం, పోయే బండికి వేయడం. డ్యూటీ పోలేదు, అదే పదివేలు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఫోన్‌లో చెయ్యి కనబడదు కదా. నా భార్య లస్మవ్వ బీడీలు చేస్తుంది. రోజంతా వేళ్ల మీద బతికే మనిషితో నాకు వేళ్లు లేవని ఎలా చెప్పను? అంతకంటే పెద్ద భయం నా బిడ్డ సునీత. కిందటిసారి సెలవు మీద పోయినప్పుడు దానికి రెండేళ్లు. నన్ను చూసి దొంగ వచ్చినట్టు ఏడ్చి, మంచం కింద దూరింది. నేను అలవాటయ్యేసరికి నా తిరుగు ప్రయాణం వచ్చింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు. ఫోన్‌లో మాత్రం మా ఇద్దరికీ గొప్ప దోస్తీ. పెన్సిళ్లు తే, మెరుపుల గాజులు తే, చాక్లెట్ల డబ్బా తే, మడమల్లో లైట్లు వెలిగే బూట్లు తే అని దొరసాని లెక్క ఆజ్ఞలు వేసేది. గొంతుతో దోస్తీ చేసిన పిల్ల ఈ చేతిని చూస్తే మళ్లీ మంచం కింద దూరుతుందని నా భయం. అందుకే సెలవు వచ్చినా పోలేదు. వచ్చే ఏడు చూద్దామని ఆఫీసులో చెప్పేశాను.

నాకు కోపం ఎక్కువని మా ఊళ్లో పేరు. చెయ్యి పోయాక ఆ పేరు ఒమాన్‌లో కూడా నిలబెట్టాను. ఎవరైనా నా చేతి వైపు చూస్తే ఒంటికాలి మీద లేచేవాణ్ణి. చూడకుండా తల తిప్పుకుంటే ఇంకా కోపం. చేతికి ఎప్పుడూ తువ్వాలు చుట్టుకుని ఉండేవాణ్ణి. నేను అడగకుండానే ఓబయ్య నా బట్టలు ఉతికి ఆరేసేవాడు. ఎవరు ఉతకమన్నారని తిట్టేవాణ్ణి.

"కంపు కొడతాండాయబ్బా. నీ కోసం కాదులే, నా ముక్కు కోసం" అనేవాడు ఆయన, బట్టలు పిండుతూనే.

గౌహర్‌ది హైదరాబాద్. ఒమాన్‌కు రాకముందు పెళ్లిళ్లకు వీడియోలు తీసేవాడు. ఇక్కడికి వచ్చినా ఆ పురుగు చావలేదు. చిన్న కెమెరా ఒకటి కొనుక్కుని ప్రాణం కంటే ఎక్కువగా చూసుకునేవాడు. ఒకరోజు రూవి బజారులో ఏదో డిస్కు దొరికిందని తెచ్చి, శుక్రవారం మెస్‌లో టీవీకి పెట్టాడు. వందేళ్ల కిందటి సినిమాలట. మాట లేదు, పాట లేదు, రంగు లేదు.

"పైసలు పెట్టి మూగ సినిమా కొన్నవా?" అని అందరం గౌహర్‌ను ఆటపట్టించాం.

కానీ కాసేపటికే పళ్లేల్లో అన్నం పళ్లేల్లోనే ఉండిపోయింది. టోపీ పెట్టుకున్న ఒకాయన చిటిక వేస్తాడు, ఎదురుగా ఉన్న కుర్చీ మేకపిల్ల అవుతుంది. మేకపిల్ల మీద గుడ్డ కప్పి లాగితే ముసలమ్మ. ముసలమ్మ కర్ర ఎత్తగానే ఆయనే గుమ్మడికాయ అయిపోతాడు. ఇంకో దాంట్లో ఒక లావుపాటాయన గట్టిగా తుమ్ముతాడు. ఆ తుమ్ముకు రెండు చెవులూ ఊడి, ఎగిరిపోయి, గోడకు అతుక్కుంటాయి. ఆయన గోడ ముందు మోకాళ్ల మీద కూర్చుని బతిమాలితే చెవులు జాలిపడి మళ్లీ వచ్చి అతుక్కుంటాయి. మెస్ అంతా పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే నా వైపు చూసి ఆగిపోయారు. ఒంట్లోంచి ముక్క ఊడిపోయినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే మరి.

నాకు తిక్క రేగింది. "నవ్వుండ్రి! ఎందుకు ఆగిండ్రు? నా వేళ్లు మల్ల రాలేదనా? నవ్వుండ్రి!" అని అరిచి చాయ్ గ్లాసు నేలకేసి కొట్టాను. స్టీలు గ్లాసు కనుక దానికేమీ కాలేదు. దొర్లుకుంటూ పోయి గౌహర్ కాళ్ల దగ్గర ఆగింది. ఆయన దాన్ని తీసి, కడిగి, మళ్లీ చాయ్ పోసి తెచ్చి నా ముందు పెట్టాడు.

"గుస్సా తర్వాత చెయ్ లచ్చన్న భాయ్. ముందు ఇది చెప్పు, ఆ చెవులు ఎట్ల పోయినయ్?"

"నాకేం ఎర్క?"

"కెమెరా బంద్ చేసిండ్రు. గంతే."

ఆడేవాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే కదలకుండా నిలబడతారట. కెమెరా ఆపుతారట. కుర్చీ తీసేసి మేకపిల్లను పెట్టి మళ్లీ కెమెరా తిప్పుతారట. నడుమ ఆగిన సంగతి చూసేవాడికి తెలియదు, కుర్చీయే మేకపిల్ల అయినట్టు కనబడుతుంది. తనకు కూడా ఒకసారి తెలియకుండానే అలా జరిగిందని చెప్పాడు గౌహర్. "ఒక పెండ్లిల తీస్తున్న. దుల్హా మామ సోఫాల కూసొని మాట్లాడుతున్నడు. బ్యాటరీ ఖతం. మార్చి ఆన్ చేసేసరికి మామ లేచి పోయిండు, ఆ జాగల బిర్యానీకి తెచ్చిన పొట్టేలు నిలబడ్డది. తర్వాత అందరు కూసొని చూస్తే మామ మాట్లాడుతు మాట్లాడుతు పొట్టేలైండు! నన్ను ఇంటి నుంచి తరిమిండ్రు."

అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి నేను కూడా నవ్వాను. గ్లాసు విసిరినవాడి ముందు మళ్లీ చాయ్ పెట్టే మనుషులు ఎంతమందికి దొరుకుతారు?

మెస్ నుంచి రూమ్‌కు నడుస్తుంటే ఓబయ్య నా భుజం పట్టుకుని ఆపాడు.

"లచ్చన్నా, నీ బిడ్డకు నోటితో సెప్పలేకుండావు. బొమ్మ తీసి సెప్పు, గౌహర్ కెమెరాతో. నీ ఏళ్లు మాయమైనట్టు సూపిచ్చు. నవ్వుతా సూస్తాది, సూసి సూసి అలవాటైపోతాది. నువ్వు పొయ్యేనాటికి జడుసుకోదు."

"మాయం కావాలంటే ముందు ఉండాలె గద! నా వేళ్లు యాడున్నయ్?"

ఓబయ్య తన కుడిచెయ్యి నా మొహం ముందు పెట్టి వేళ్లు ఆడించాడు. "ఇవి ల్యావా? నీ లావే, నీ రంగే. సిమెంటులో నానిన చేతులన్నీ ఒకటేబ్బా."

నా బాధ నీకు ఆటగా ఉందా అని తిట్టాను. కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం బట్టలు ఉతుకుతూనే ఉన్నాడు. ఆ తర్వాత ఒకనాడు ఫోన్‌లో సునీత అంది, "బాపూ, నీకు బాపు లేడు, నీ బాపు ఫోన్లనే ఉంటడు అని పోరగాండ్లు నవ్వుతున్రు. ఒక్కసారి వచ్చి కనవడి పోరాదు?" నేను ఫోన్ పెట్టేసి తిన్నగా ఓబయ్య దగ్గరికి పోయి, "నీ చెయ్యి ఇస్తవా?" అన్నాను.

"ఎప్పుడో ఇస్తినే" అన్నాడాయన.

వేళ్లు ఊరికే మాయమైతే పిల్ల బెదురుతుందని, ఒక్కొక్క వేలూ పోయి ఒక్కొక్క వస్తువు రావాలని కూడా ఓబయ్యే చెప్పాడు. బిడ్డ అడిగిన వస్తువులన్నీ నా దగ్గర ఉన్నాయి. ఊరికి తీసుకుపోయేవాళ్లు దొరక్క పెట్టెలో పెట్టుకున్నాను. పెన్సిళ్లు, గాజులు, చాక్లెట్ల డబ్బా, బూట్లు. పోయిన వేళ్లు నాలుగు, వస్తువులు నాలుగు. ఇంత చక్కగా కుదిరిందేమిటా అని మా తెలివికి మేమే మురిసిపోయాం.

ఆ శుక్రవారం భోజనాలయ్యాక రూమ్‌లో షూటింగ్ పెట్టాం. పై మంచం నుంచి దుప్పటి వేలాడదీశాం. మెస్ టేబుల్ మీది గుడ్డ తెచ్చి నాకు తలపాగా చుట్టారు. కంపెనీ పొడుగు చేతుల చొక్కా తొడిగి, నా కుడిచెయ్యి వెనక్కి మడిచి తువ్వాలుతో సహా నడుముకు కట్టేశారు. ఓబయ్య నా వెనుక దుప్పటి చాటున నక్కి, ఖాళీగా వేలాడుతున్న చొక్కా చేతిలోకి తన చెయ్యి దూర్చాడు. ముందు నుంచి చూస్తే నాకు రెండు చేతులు, పది వేళ్లు.

నా చొక్కా చేతిలోంచి ఐదు వేళ్లు బయటికి వచ్చాయి. నేను వాటినే చూస్తూ ఉండిపోయాను. "లచ్చన్న భాయ్, ఇటు చూడు, కెమెరా దిక్కు" అంటున్నాడు గౌహర్. వినబడుతోంది గాని తల తిరగడం లేదు. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది.

"ఓబన్నా, ముక్కు" అన్నాను.

ఆ చెయ్యి తడుముకుంటూ పైకి వచ్చి, ముందు నా కంట్లో పొడిచి, తర్వాత మీసం పట్టి లాగి, చివరికి ముక్కు దొరకబుచ్చుకుని గోకింది. గౌహర్ కెమెరా పక్కన పెట్టి కడుపు పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను. నా కుడిచెయ్యి నా ముక్కు గోకి ఎన్ని నెలలైంది! వెనుక నుంచి ఓబయ్య ఒక్క మాట అనలేదు. ఆయన నోరు ఊరుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత పనిలో పడ్డాం. నేను ఎడమచేత్తో రుమాలు ఊపి "ఛూ" అంటాను. "హిలో మత్!" అని గౌహర్ అరుస్తాడు, అంటే కదలొద్దని. కెమెరా ఆగుతుంది. నేను రుమాలు గాల్లో పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడతాను. వెనుక ఓబయ్య చిటికెన వేలు లోపలికి ముడుస్తాడు. గౌహర్ గబగబా వచ్చి నా ముందున్న ఖాళీ పళ్లెంలో పెన్సిళ్లు పెట్టి పోతాడు. మళ్లీ కెమెరా. చిటికెన వేలు పోయి పెన్సిళ్లయినట్టు! చెప్పడానికి సులువే. నేను నిలబడితే ఓబయ్యకు తుమ్ము, ఓబయ్య కుదురుకుంటే నాకు కాలు తిమ్మిరి. ఒకసారి అంతా కుదిరింది అనుకునేసరికి మా రూమ్ లింబాద్రి స్నానం చేసి తడి తువ్వాలుతో, చేతిలో బక్కెట్టుతో తలుపు తోసుకుని వచ్చాడు. గౌహర్ కెమెరా ఆపి ఆయన్ను బయటికి నెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. టీవీకి పెట్టి చూస్తే, హఠాత్తుగా తడి మనిషి ఒకడు బక్కెట్టుతో వస్తాడు, తెల్లబోయి చూస్తాడు, ఉన్నవాడు ఉన్నట్టే మాయమైపోతాడు. అది తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఉంగరపు వేలు గాజులైంది, నడిమి వేలు చాక్లెట్లైంది, చూపుడు వేలు బూట్లైంది. చివరికి ఓబయ్య తన చెయ్యి తీసేశాడు. నేను కట్టు విప్పి, తువ్వాలు తీసి, నా సొంత చెయ్యి చొక్కాలోంచి బయటికి పెట్టాను. వాళ్లకు అది కొత్త కాదు, రక్తం కారుతున్నప్పుడే చూశారు. అయినా వెలుతురులో ఎత్తి చూపడం నాకు అదే మొదలు. బొటనవేలు అటూ ఇటూ ఆడించాను. గౌహర్ తల ఊపి కెమెరా ఆపాడు. మా తుమ్ములు, అరుపులు వినబడకుండా గౌహర్ ఉన్న గొంతులన్నీ తీసేసి, దాన్ని కూడా మూగ సినిమా చేశాడు. ఖాళీ ఉంది కదా అని అదే డిస్కులో పాతవి కూడా ఎక్కించాడు. మేకపిల్ల, చెవులు, అన్నీ.

లింబాద్రిది మా పక్క ఊరు. ఆయన సెలవు మీద పోతుంటే డిస్కూ, నాలుగు వస్తువులూ మూటగట్టి ఇచ్చాను. మా దగ్గర ఎవరు ఊరికి పోయినా పదిళ్ల మూటలు మోసుకుపోవాల్సిందే. వచ్చేటప్పుడు పదిళ్ల పచ్చళ్లు మోసుకు రావాల్సిందే.

కొన్నాళ్లకు లస్మవ్వ మిస్డ్ కాల్ ఇచ్చింది. గుండె చిక్కబట్టుకుని ఫోన్ చేశాను.

"ఆ చెయ్యి ఎవ్వలది?" అంది ఎత్తగానే.

"ఏ చెయ్యి?"

"ముందుగాల కనవడ్డది. అది నీది గాదు. పొద్దంత వేళ్లు జూసుకుంట బతుకుతున్న, నా పెనిమిటి వేళ్లు నాకు ఎర్క లేదా? ఆఖర్ల కనవడ్డదే నీది." అని కాసేపు ఏడ్చింది. తర్వాత తిట్టింది. ఇన్ని నెలలు ఒక్కడివే మోసుకుంటూ తిరిగావా, నేను చచ్చాననుకున్నావా అని తిట్టింది. ఆ తిట్లు వింటుంటే నాకు కడుపులో చల్లగా అయింది. అన్నీ అయ్యాక మళ్లీ అదే అడిగింది, ఆ చెయ్యి ఎవరిదని. చెప్పాను.

"ఆయన తల్లి కడుపు సల్లగుండ" అంది లస్మవ్వ. "ఆయనకు జెప్పు."

సునీతను పిలవమన్నాను. బక్కెట్టు మనిషిని చూసి పడీ పడీ నవ్విందట. తర్వాత ఏమైందో గాని ఫోన్ దగ్గరికి రానంటోందట. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా రాలేదు. నేను చేసినప్పుడల్లా లస్మవ్వ పిలుస్తుంది, అది ఆడుకుంటోందనో పడుకుందనో ఏదో ఒకటి చెబుతుంది. ఒకసారి వెనుక నుంచి దాని గొంతు వినబడింది, "నేను రాను" అని. నాకు అర్థమైంది అనుకున్నాను. మంచం కిందికి దూరడానికి నేను ఎదురుగా ఉండనక్కర్లేదు, బొమ్మలో చూసినా చాలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. చెయ్యి పోతే పోయింది, ఫోన్‌లో ఉన్న బిడ్డ కూడా పోయింది. ఓబయ్య మొహం చూస్తే తప్పంతా తనదైనట్టు ఉండేది. ఆయన్ను ఏమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు. ఇక ఊరికి పోయే మాటే లేదని మనసులో రాసిపెట్టుకున్నాను.

మామిడికాయ పచ్చళ్ల కాలం దాటాక లింబాద్రి తిరిగి వచ్చాడు. రూమ్‌లో అందరం చుట్టూ చేరాం. ఆయన పచ్చడి డబ్బాలు ఒక్కొక్కటీ తీసి పేర్లు పిలిచి ఇచ్చాడు. నాది ఇచ్చాక, సంచి అడుగు నుంచి ఒక మూట తీసి నా మంచం మీద పెట్టాడు.

"ఇది గూడ నీదే లచ్చన్నా. నీ బిడ్డ పంపింది."

విప్పాను. చెక్కని పెన్సిళ్లు, చేతికి వేసుకోని గాజులు, మూత తీయని చాక్లెట్ల డబ్బా, మట్టి అంటని బూట్లు. ఇక్కడి నుంచి పోయిన వస్తువులు తిరిగి రావడం మా క్యాంపులో ఎవరూ ఎరగరు. అందరూ లింబాద్రి వైపు చూశారు.

"బస్సెక్కుతుంటే ఉరికొచ్చి ఇచ్చింది" అన్నాడు లింబాద్రి. "ఇవి బాపుకు వాపస్ ఇయ్యి, వేళ్లు మల్ల పెట్టుకొమ్మను అన్నది. చెవులాయనకు చెవులు మల్ల వచ్చినయంట, బాపుకు గూడ వస్తయంట. ఫోన్ల ఎందుకు మాట్లాడుతలేవు బిడ్డా అని అడిగిన." లింబాద్రి ఖాళీ సంచి మడిచాడు. "మాట్లాడితే నోరు ఊకోదు, ఏమన్న అడుగుత, నేను అడిగితే బాపు ఆ ఒక్క వేలు గూడ తీస్తడు అన్నది."

ఎంత తెలివైనవాళ్లం మేము! పెద్దవాళ్లకు అది మాయ. దానికి అది లెక్క. తను పెన్సిళ్లు అడిగితే చిటికెన వేలు పోయింది, బూట్లు అడిగితే చూపుడు వేలు పోయింది. ఇన్నాళ్లూ అది నా చేతిని చూసి భయపడలేదు. నా చేతిని కాపాడుతూ ఉంది. నేను బూట్లు గుండెకు అదుముకుని మంచం మీద కూలబడ్డాను.

"ఫోన్ చెయ్యి" అన్నాడు ఓబయ్య. నా వల్ల కాకపోతే ఆయనే నంబర్లు నొక్కి నా చెవి దగ్గర పెట్టాడు. లస్మవ్వతో ఒకే మాట అన్నాను, "ఏం అడగకు, వట్టిగ వినుమని చెప్పి, ఫోన్ దాని చెవు కాడ పెట్టు" అని. ఊపిరి చప్పుడు వినబడింది.

"బిడ్డా, అది ఉత్తుత్తి ఆట. ముందుగాల కనవడ్డ చెయ్యి నాది గాదు, మా ఓబయ్య పెద్దనాయినది. నా వేళ్లు అప్పటికే లేవు. సైట్ల మిషన్ల పడి పోయినయ్. నువ్వు అడిగినందుకు గాదు. బూట్లు బజార్ల కొన్న, పైసలిచ్చి కొన్న. వేళ్లకు, బూట్లకు ఏం సంబంధం లేదు."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"నొచ్చిందా బాపూ?"

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. డాక్టర్లు ఎలా జరిగిందని అడిగారు, ఆఫీసువాళ్లు ఎక్కడ జరిగిందని అడిగారు. "నొచ్చింది బిడ్డా. మస్తు నొచ్చింది" అన్నాను. గౌహర్ బస్సు తోలిన సంగతి, ఓబయ్య బనీను సంగతి అంతా చెప్పాను. ముక్కు గోకిన సంగతి కూడా చెప్పాను. అది కిసుక్కున నవ్వింది.

"మరి వేళ్లు మల్ల రావా?"

"రావు."

"పోతే పోనీ. నువ్వన్న రా."

మీ బాపు వస్తున్నాడని ఓబయ్య పక్క నుంచి అరిచి చెప్పాడు. అప్పుడు అది గొంతు తగ్గించి, దొంగతనంగా అడిగినట్టు అడిగింది.

"బాపూ, ఇగ నేను ఏమన్న అడిగితే ఏం గాదు గదా?"

"ఏం గాదు. అడుగు బిడ్డా."

"బడికి గొడుగు గావాలె. ఎర్రది."

చిన్నపిల్లల ఎర్ర గొడుగు! వాన మొహం చూసి ఎన్నాళ్లో అయిన మస్కట్‌లో, నడి ఎండాకాలంలో! మరుసటి శుక్రవారం గౌహర్, ఓబయ్య, లింబాద్రి, నేను రూవి బజారంతా జల్లెడ పట్టాం. ఎండకు పట్టుకునే పెద్ద నల్ల గొడుగులు తప్ప ఏమీ లేవు. కొన్ని షాపులవాళ్లు నవ్వారు, ఒకడు మమ్మల్ని లోపలికే రానివ్వలేదు. చెమటలు కారుతున్నాయి, కాళ్లు పీకుతున్నాయి, నాకు పండుగలా ఉంది. తువ్వాలు రూమ్‌లోనే మరిచిపోయి వచ్చానని సగం బజారు తిరిగాక గాని గుర్తు రాలేదు. చివరికి ఒక సందులో, బొమ్మల షాపులో, అటక మీద దొరికింది. గౌహర్ దుమ్ము దులిపాడు, లింబాద్రి కాడ తుడిచాడు, ఓబయ్య విప్పి చూసి చిల్లులు లేవన్నాడు.

"ఈడి కోపానికి ఓర్సుకున్నందుకు మనకు మంచి పనే దొరికిందబ్బా" అన్నాడు నన్ను చూపిస్తూ.

వాళ్లకు థాంక్స్ చెప్పాలని నోరు తెరిచాను. అంత చిన్న మాట వాళ్ల ముందు పెట్టడానికి సిగ్గేసింది. గొడుగు వాళ్ల చేతుల్లోంచి తీసుకుని, రేపే ఆఫీసుకు పోయి సెలవు అడుగుతానని చెప్పాను.